డాక్టరమ్మ బండికి నాలుగు టైర్లు

మా అమ్మాయి మాధవి పశువుల డాక్టరు. కృష్ణా జిల్లా పామర్రులో అద్దె ఇంట్లో ఉంటూ, ముప్పై కిలోమీటర్ల అవతల ఉన్న ఆసుపత్రికి రోజూ తన బండి తానే నడుపుకుంటూ వెళ్లివస్తుంది. పోయిన ఆషాఢంలో ఒక సాయంత్రం ఫోన్ చేసి, కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినంత తేలిగ్గా, "నాయనా, మొన్న కాలవ కట్ట మీద బండి జారి సగం నీళ్లలోకి దిగింది. ఊళ్లోవాళ్లు తాళ్లేసి లాగినారు. టైర్లు మార్చల్ల" అంది.

నేను ముప్పై ఏళ్లు బస్సు నడిపినవాణ్ణి. మాది కదిరి వైపు. ఘాట్ రోడ్డులో వానలో, పొగమంచులో, అరవై మందిని వెనక కూర్చోబెట్టుకుని దించాను. జారడమంటే ఏమిటో నాకు తెలుసు. అందుకే ఆ మాట విన్నాక అన్నం కంచం పక్కకు జరిపాను.

"నేనొస్తా. టైర్లు నేను చూసి వేయిస్తా" అన్నాను.

బయల్దేరేటప్పుడు మా ఆవిడ సంచిలో వేరుశనగ ఉండలు పెడుతూ మెల్లగా అంది: "టైర్లు సరే. బదిలీ మాట కూడా ఎత్తిరా. మన పక్క ఖాళీ ఉందంటాండారు. ఆ నీళ్ల మధ్యలో ఒక్కతీ ఏంటికి?" నా మనసులో ఉన్నదీ అదే. నిజం చెప్పాలంటే టైర్లు ఒక వంక.

విజయవాడ

శ్రావణం మొదట్లో, తెల్లవారాక విజయవాడలో రైలు దిగాను. మా వైపు ఎండ పెనం మీద రొట్టెలాగా కాలుస్తుంది. ఇక్కడిది ఇడ్లీ పాత్ర. స్టేషన్ మెట్లు దిగేలోపు చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

స్టేషన్ ఎదురు సందులో టిఫిన్ చేశాను. ఇడ్లీ మీద నెయ్యి, దాని మీద కారప్పొడి, పక్కన అల్లం పచ్చడి. ప్లేటు యాభై రూపాయలు. మా ఊళ్లో ఆ యాభైకి ఇద్దరం తింటాం. కానీ వడ్డించేవాడు దగ్గరకొచ్చి, "ఇంకో రెండు వెయ్యమంటారాండీ, వేడిగా ఉన్నాయి" అని అడిగిన తీరుకే ఇంకో ప్లేటు తిన్నాను. మా దగ్గర "ఏం గావల్ల?" అంటారు. అదీ ప్రేమే, కాకపోతే అది ప్రేమని కొత్తవాళ్లకు తెలియదు.

ఈ 'అండీ' సంగతి ఇంకొకటి చెప్పాలి. హోటలు ముందే రెండు ఆటోలు గుద్దుకున్నాయి. ఇద్దరు డ్రైవర్లూ దిగి చొక్కాలు పట్టుకునేంత దగ్గరికి వచ్చారు. ఇప్పుడు బూతులు మొదలవుతాయని నేను చూస్తున్నాను. ఒకాయన, "కళ్లు కనపడట్లేదాండీ మీకు?" అన్నాడు. రెండో ఆయన, "మీకు హారనుందిగా, ఏం చేస్తున్నారండీ?" అన్నాడు. అంతే. చెరో మాటా అనుకుని ఎక్కి వెళ్లిపోయారు. కొట్టుకునేటప్పుడు కూడా మర్యాద తప్పని ఊరు అది.

మాధవి ఎనిమిదికల్లా వచ్చింది. చిక్కింది. నల్లబడింది. నేను దాన్ని చూడాల్సింది పోయి ముందు బండి చుట్టూ తిరిగాను. ఎత్తుగా ఉండే పాత డీజిల్ బండి అది. వెనక చక్రాలు రెండే లాగుతాయి. తలుపు పిడి దాకా ఎండిన నల్లమట్టి. వంగి టైరు మీద వేలు పెట్టి రాస్తే గాడి ఉందో లేదో తెలియలేదు.

"ఈ గుండు టైర్ల మీదనా నువ్వు తిరుగుతాండేది?"

"టిఫిన్ చేసినావా నాయనా?" అంది.

ఆటోనగర్

గుడులూ గోపురాలూ చూడటానికి విజయవాడ వెళ్లేవాళ్లుంటారు. బండి నడిపిన బతుకుకు ఆటోనగరే క్షేత్రం. ఒక వీధంతా స్ప్రింగు పట్టీలు. ఇంకో వీధంతా లారీ బాడీలు కట్టేవాళ్లు. మరో వీధిలో రేడియేటర్లు విప్పి పరిచి, పిండి వంటల్లాగా ఎండబెట్టారు. సుత్తి చప్పుడు, వెల్డింగు మెరుపు, కాలిన రబ్బరు వాసన. అరిగిన టైర్లకు కొత్త రబ్బరు అతికించే షెడ్డు ముందు నేను కాసేపు నిలబడిపోయాను. నా బస్సు టైర్లు ఇలాంటి చోటికే వచ్చి ఉంటాయి కదా అనిపించింది. మాధవి చెయ్యి పట్టుకుని లాగింది.

మేం వెళ్లిన టైర్ల కొట్టు నడిపేది పద్మావతిగారని, యాభై దాటిన ఆవిడ. వెనక షెడ్డులో చక్రాలు విప్పడం, అలైన్‌మెంట్ చూడటం వాళ్లాయన పని. బేరం, సలహా ఈవిడవి. చెవుల్లో దుద్దులు, ముక్కు మీదకి జారిన కళ్లద్దాలు, కొంగు నడుముకు దోపి ఉంది.

నేను గోడకు ఆనించిన టైర్లలో అన్నిటికంటే భయంకరంగా ఉన్నదాన్ని చూపించాను. అరచెయ్యంత దిమ్మలు, మధ్యలో వేలు పట్టేంత సందులు. ట్రాక్టరుకు చిన్న తమ్ముడిలా ఉంది.

"ఇవి నాలుగు వేసేయండమ్మా."

ఆవిడ నా వైపు చూడలేదు. "ముందు పాతవి చూడనివ్వండి బాబాయిగారూ" అని, బండి దగ్గరకెళ్లి వంగి నాలుగు టైర్లూ తడిమింది. చెప్పుల అరుగుదల చూసి నడక చెప్పేవాళ్లుంటారే, అలాగ చెప్పడం మొదలుపెట్టింది.

"రెండంచులూ అరిగాయి, మధ్యలో మాత్రం గాడుల బటన్ కాస్త మిగిలింది. అంటే గాలి తక్కువతో తిప్పుతున్నారు. ముందు ఎడమది లోపలి వైపే పోయింది. గుంటలో గట్టిగా పడిందాండీ ఎప్పుడన్నా?"

"కాలవలో పడింది" అన్నాను నేను.

పద్మావతిగారు కళ్లద్దాలు పైకి తోసి మాధవిని చూసింది. "డాక్టరుగారూ, రోజుకి తారు మీద ఎంత తిరుగుతారు? మట్టి మీద ఎంత?"

"తారు మీద అరవై, డెబ్బై ఉంటుందండీ. కట్ట మీద నాలుగో అయిదో. అదీ రోజూ కాదు, కేసు వస్తేనే."

మాధవి నోట ఆ 'అండీ' విని నేను ఉలిక్కిపడ్డాను. నాతో మాట్లాడేటప్పుడు కదిరి, అటు తిరిగితే కృష్ణా. ఇక్కడికొచ్చిన ఎనిమిదేళ్లలో రెండు నాలుకలు వచ్చాయి దానికి.

"అరవైకి కొనాలాండీ టైరు, అయిదుకి కొనాలా?" అంది పద్మావతిగారు. ఆ ప్రశ్న నా వైపు చూసే అడిగింది.

"ప్రాణం పోయేది ఆ అయిదులోనే కదమ్మా" అన్నాను.

"ఆ అరవైలో కూడా పోద్ది బాబాయిగారూ. మీరు చూపించింది మడ్ టైరు. పొలాల్లోకీ అడవుల్లోకీ బాగుంటది. తడిసిన తారు మీద బ్రేకు కొట్టారనుకోండి, ఆ దిమ్మలకి నేల అందేది తక్కువ, ఆగాల్సిన చోట ఆగదు. రోజంతా చెవుల్లో తేనెటీగలు తిరిగినట్టు మోత. డీజిలు ఎక్కువ తాగుద్ది. ఇదిగో, ఇది రోడ్డు టైరు. మెత్తగా పోద్ది, మట్టిలో మాత్రం చేతులెత్తేస్తది. మీకు కావాల్సింది ఈ మధ్యది."

ఆ మధ్యదాన్ని దొర్లించుకొచ్చి ముందు నిలబెట్టింది. నడి మధ్యలో దగ్గర దగ్గరగా గాడులు, అంచుల్లో కాస్త ఎడంగా దిమ్మలు. దీన్ని ఏటీ టైరంటారని, తారుకీ మట్టికీ రెండింటికీ పనికొస్తుందని చెప్పింది. టైరు పక్కగోడ మీద నాలుగంకెలు చూపించి, ముందు రెండూ అది తయారైన వారం, వెనక రెండూ సంవత్సరం అని చదివించింది. కొత్తదే. కంపెనీ ఇచ్చిన కొలతే వేసుకోవాలి, వెడల్పు పెంచితే చూడటానికే అంది. ఒక్కోటీ ఎనిమిది వేల చిల్లర. నేను చూపించింది పన్నెండు దాటింది. ధర చూసి నేను తగ్గానని ఆవిడ అనుకుంటుందేమోనని, "డబ్బు సంగతి కాదమ్మా, డబ్బు నేనిస్తాను" అన్నాను.

"అర్థమైందండీ" అంది ఆవిడ. గొంతు మెత్తబడింది. "మాకూ ఒక పిల్లుంది. హైదరాబాదులో స్కూటీ మీద తిరుగుద్ది. ఇంత టైర్ల కొట్టు పెట్టుకుని, దాని స్కూటీకి టైరు మార్పించడానికి మా ఆయన రెండు నెలలు పోరాడాడు." ఆగి మళ్లీ అంది: "ఒక మాట ముందే చెప్తానండీ, తర్వాత నన్ను తిట్టుకోవద్దు. మన రేగడి బాగా నానితే ఏ టైరూ ఆగదు. కొంచెం దూరం లాగుద్ది. గాడుల్లో మట్టి నిండిందా, మీ మడ్ టైరూ గుండు టైరే, ఇదీ గుండు టైరే."

 అమ్ముకునే మనిషి అలా చెప్పడం నాకు నచ్చింది. నా మాట చెల్లకపోవడం నచ్చలేదు. మాధవి మధ్యదాన్నే వేయించింది. పాతవాటిలో మేలైనది స్టెప్నీ అయింది. అలైన్‌మెంట్ అయ్యేదాకా నేను స్టూలు మీద మొహం ముడుచుకుని కూర్చున్నాను. పద్మావతిగారు టీ తెప్పించి ఇచ్చి, "మీరు బస్సు తోలారంట కదండీ? అయితే కొత్త రబ్బరు మొదటి రెండొందల కిలోమీటర్లూ కాస్త జారుద్దని మీకు నేను చెప్పాలా" అంది. అందులో గౌరవం ఉందో చురక ఉందో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

బందరు రోడ్డు

విజయవాడ దాటగానే రోడ్డు పక్కన కాలవ కలిసింది. తర్వాత ఎక్కడ చూసినా నీళ్లే. మా వైపు నీళ్లు కనపడితే బస్సు ఆపి చూసేవాళ్లుంటారు. ఇక్కడ నీళ్లకు జనం వీపు పెట్టి కూర్చుంటారు. ఆడవాళ్లు వరసగా వంగి నాట్లు వేస్తున్నారు. నడుములు వంగి ఉన్నా నోళ్లు ఆగలేదు. ఎవరిమీదో నవ్వులు రోడ్డు దాకా వినపడ్డాయి.

ఇంకో వింత. ఈ నేలలో రాయి లేదు. మా దగ్గర కుక్క కనపడితే రాయి దొరకదంటారు గానీ, అది సామెత మాత్రమే. కాలు పెడితే రాయే. ఇక్కడ నిజంగానే దొరకదు. ఇల్లు కట్టాలన్నా రోడ్డు వేయాలన్నా కంకర ఎక్కడినుంచో లారీల్లో రావాలి. మా బస్సు టైర్లను పలుగురాళ్లు పక్కగోడ మీద కోసేవి, తుమ్మముళ్లు దిగేవి. ముప్పై ఏళ్లు నేను టైరుకు శత్రువు రాయి అనుకున్నాను. ఇక్కడి శత్రువు మెత్తగా ఉంటుంది.

ఉయ్యూరు దాటాక వాన పట్టుకుంది. మాధవి వేగం తగ్గించింది. అయినా పక్క డొంకలోంచి ట్రాక్టరు ఒకటి ఊడిపడ్డట్టు రోడ్డు మీదికి వచ్చేసింది. మాధవి బ్రేకు నొక్కింది. నా కుడికాలు కూడా లేని బ్రేకును నొక్కింది. బండి కొంచెం ఊగింది గానీ పక్కకు పోలేదు. ట్రాక్టరుకు బారెడు దూరంలో ఆగింది.

ట్రాక్టరాయన చెయ్యెత్తి, "సారీ అండీ డాక్టరుగారూ" అని వెళ్లిపోయాడు.

 ఆ దిమ్మల టైర్లు అయ్యుంటే ఏమయ్యేదో డ్రైవరుగా నాకు తెలుసు. తండ్రిగా ఒప్పుకోవడానికి ఇంకా కొంచెం టైము కావలసి వచ్చింది.

"పునుగులు తింటావా నాయనా?" అంది మాధవి.

రోడ్డు పక్క రేకుల పందిరి కింద ఒకామె వేస్తోంది. ముప్పై రూపాయలకు పొట్లం నిండా. వానలో వేడి పునుగులు, పక్కన పల్లీ చట్నీ. పల్లీలు మా నేలవి, చేతివాటం వీళ్లది. నేను మూడు పొట్లాలు తిన్నాను. తింటూ, "టైర్లు బాగనే పట్టినాయి" అన్నాను. మాధవి నవ్వింది.

పామర్రు

పామర్రు వరిపొలాల మధ్య కూర్చున్న సంత ఊరు. నాలుగు దారులు కలుస్తాయి. ఎరువుల కొట్లు, బియ్యం కొట్లు, బట్టల కొట్లు, బస్సు కోసం నిలబడ్డ జనం. మాధవితో మార్కెట్టుకు వెళ్తే పది అడుగులకొకరు ఆపారు. గేదె పాలివ్వడం లేదని ఒకాయన, మేక గడ్డి ముట్టడం లేదని ఇంకొకాయన. కూరగాయలామె మాత్రం డబ్బులు తీసుకుని, కొసరుగా దోసకాయ ఒకటి సంచిలో పడేసి, "మీ నాన్నగారాండీ? అచ్చు మీ ముక్కే" అంది. ముక్కు నాదని అప్పుడప్పుడూ మా ఆవిడ దెప్పుతుంటుంది. ఇక్కడ అది పొగడ్తయింది.

రాత్రికి ఇంట్లో మాధవి చేపల పులుసు పెట్టింది. ఎప్పుడో ఒకసారి తప్ప చేప ఎరగని ఇంటి పిల్ల. పులుసు బాగుంది. అయినా నాకు రాగిసంకటి మీద మనసు లాగింది. ఎంత తిన్నా ఈ తెల్లన్నం కడుపులో నిలబడదు.

తింటున్నప్పుడు మాట ఎత్తుదామని గొంతు సవరించుకున్నాను. "పాపా, మన పక్క..."

"నాయనా, ముల్లు చూసుకో" అంది.

ముల్లు చూసుకున్నాను. మళ్లీ ఎత్తేలోపు చేతులు కడుక్కోవడానికి లేచిపోయింది. తెలిసే లేచిందని నాకు అనిపించింది. సరే, రేపు అనుకున్నాను. వాన పెంకుల మీద పడుతూనే ఉంది.

కాలవ కట్ట

మర్నాడు ఉదయం ఏడింటికి ఫోన్ వచ్చింది. లోపలి ఊరినుంచి నాంచారమ్మ అని, గేదె రెండు గంటలుగా ఈనడానికి తిప్పలు పడుతోందని, దూడ కాలు ఒకటే బయటికి వచ్చిందని చెప్పింది. మాధవి జడ చుట్టుకుంటూనే మెట్లు దిగింది. నేనూ ఎక్కి కూర్చున్నాను. "నేను తోల్తా" అన్నాను. "కట్ట నీకు తెలీదు" అంది.

తారు రోడ్డు అయిపోయిన చోట బండి ఆపింది. ఎడమ పక్క నిండుగా పారే కాలవ, కుడి పక్క పల్లంలో పొలం, మధ్యలో బండి పట్టేంత కట్ట. నల్లగా నిగనిగలాడుతోంది. రెండు కిలోమీటర్లు అలా వెళ్తే నాంచారమ్మ ఇల్లు. మాధవి దిగి, గాలి కొలిచే గేజీ పెట్టి నాలుగు టైర్లలోనూ కొంత గాలి వదిలింది.

"ఏం చేస్తాండావు? నిన్న ఆయమ్మ గాలి తక్కువైందనే కదా తిట్టింది!"

"అది తారు మీదికి. మట్టిలో కొంచెం తగ్గిస్తే టైరు వెడల్పుగా పరుచుకుంటాది. తిరిగొచ్చినాక మళ్లీ పట్టించల్ల. నేనది మర్చిపోతాండా, అందుకే అంచులు అరిగినాయి."

ముప్పై ఏళ్ల సర్వీసులో బస్సు గాలి తగ్గించిన పాపాన పోలేదు నేను. బండెక్కి కూర్చున్నాను.

మొదట బాగానే వెళ్లింది. కొత్త టైర్లు మట్టిని కొరుక్కుంటూ లాగుతుంటే, నేనే తయారు చేసినట్టు పొంగిపోయాను. సుమారు సగం దూరం పోయాక చప్పుడు మారింది. తల బయటికి పెట్టి చూశాను. గాడి లేదు, దిమ్మ లేదు. జిగురు మట్టి మొత్తం నిండిపోయి, చక్రం నున్నగా, నల్లగా, అరిసెల పాకంలో ముంచి తీసినట్టు ఉంది. బండి వెనక భాగం నెమ్మదిగా, చాలా నెమ్మదిగా, కాలవ వైపు జరగసాగింది.

మాధవి బ్రేకు తొక్కలేదు. ఆక్సిలరేటరు మీంచి కాలు తీసేసింది. బండి తనంతట తాను ఆగింది. కాలవ అంచుకూ వెనక చక్రానికీ మధ్య మూరెడు గడ్డి ఉంది.

"దిగు నాయనా. నడుస్తాము."

నాకు కోపం వచ్చింది. భయం వచ్చినప్పుడు నాకు కోపమే వస్తుంది. "ఇంత పెట్టి కొన్న టైర్లు ఏంటికి మరి? నన్ను తోలనీ. ఒక ఊపు మీద లాగేస్తా."

మాధవి మందుల సంచి భుజానికి తగిలించుకుంటూ నా వైపు తిరిగింది. "పోయిన తూరి నేను అదే చేసినా నాయనా. గేదె చచ్చిపోతాదేమో అని ఒక ఊపు మీద లాగినా. తప్పు టైర్లది కాదు. ఆగల్సిన చోట ఆగలేదు నేను. ఈ టైర్లు ఇక్కడి దాకా తెచ్చినాయి. ఇంక నడకే."

నేను దిగాను. దిగిన మొదటి అడుగులోనే ఎడమకాలి చెప్పును రేగడి మింగేసింది. ఎంత తవ్వినా దొరకలేదు. రెండోదాన్ని కూడా కాలవకు దానమిచ్చి, ప్యాంటు పైకి మడిచి, బకెట్టూ తాళ్లూ పట్టుకుని కూతురు వెనక నడిచాను. అది ముందు గట్టి చోటు చూసి అడుగు వేస్తుంది, నేను దాని అడుగులో అడుగు వేస్తున్నాను.

నాంచారమ్మకు అరవై ఏళ్లుంటాయి. పాకలో గేదె పక్కన గొంతుక్కూర్చుని దాని మెడ నిమురుతోంది. మమ్మల్ని చూసి లేవలేదు, ఏడుపు గొంతుతో, "వచ్చావా తల్లీ" అంది. మాధవితో ఆమెకు అండీలు లేవు.

మాధవి మోచేయి పైదాకా తొడుగు వేసుకుని నేల మీద పక్కకు పడుకుంది. దూడ ముందుకాలు ఒకటి లోపల వెనక్కి మడతపడిందట. దూడను కొంచెం లోపలికే నెట్టి, గిట్టను అరచేతిలో పెట్టుకుని, గర్భసంచి చీరుకోకుండా ముందుకు తేవాలి. గేదె నొప్పి తీసినప్పుడల్లా మాధవి చెయ్యి నలిగి మొహం ఎర్రబడేది. అయినా గొంతు మారలేదు. "లేదమ్మా, అయిపోయింది, అయిపోయింది" అని గేదెతో చెబుతూనే ఉంది. చాలాసేపటికి, "దొరికింది" అంది. రెండు కాళ్లకూ తాళ్లు వేసింది. "నాయనా, నేను చెప్పినప్పుడే లాగల్ల. నొప్పితో పాటే. నీ బలం చూపించొద్దు."

నేనూ నాంచారమ్మా లాగాం. ఆపమంటే ఆపాం. మళ్లీ లాగాం. మూడోసారికి దూడ నా పాదాల మీద జారిపడింది. కదల్లేదు. మాధవి దాని నోట్లో వేళ్లు పెట్టి జిగురు తీసి, గడ్డిపరకతో ముక్కు లోపల గిలిగింత పెట్టింది. దూడ తుమ్మింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పాక చిల్లుల్లోంచి వాన మొహం మీద పడుతోంది కాబట్టి ఎవరూ చూడలేదనుకుంటాను.

"పెయ్యదూడ!" అని నాంచారమ్మ ఆడదూడ పుట్టిన సంబరంతో అరిచింది.

దూడ ముర్రుపాలు తాగుతుంటే, నాంచారమ్మ మాకు అన్నం పెట్టింది. చద్దన్నం, మాగాయ, ఎండురొయ్యల పొడి. మాధవి నూతి దగ్గర చేతులు కడుక్కుంటోంది. నాంచారమ్మ నా కంచం ముందు కూర్చుని అడిగింది:

"బాబుగారూ, ఒక మాట అడగనాండీ? డాక్టరమ్మని మీ ఊరు తీసుకెళ్లిపోతారంట గదా?"

ముద్ద చేతిలోనే ఆగింది. "ఎవరు చెప్పినారు?"

"ఆవిడేనండి. మొన్న ఫోన్లో అంది. మా నాన్న టైర్లకని వస్తున్నాడు నాంచారమ్మా, టైర్లేసి నన్నే పట్టుకెళ్తాడేమోనని." ఆమె గొంతు తగ్గించింది. "మొన్న బండి కాలవలో దిగినప్పుడు తాళ్లేసి లాగింది మావోళ్లేనండి. బండి ఒడ్డుకొచ్చిందో లేదో కూడా ఆవిడ చూళ్లేదు. తడిసిన బట్టల్తోనే నడుచుకుంటా పోయి మా మరిదిగారి గేదెని చూసింది. మీ పిల్ల మీ ఇష్టం బాబుగారూ. మేం అడిగేది కాదు. ఊరికే అన్నాను."

నేను కంచంలో మాగాయ కలుపుకున్నాను. "టైర్లకే వచ్చినానమ్మా" అన్నాను.

వెనక్కి

భోజనాలయ్యేసరికి వాన ఆగి ఎండ వచ్చింది. నాంచారమ్మ రెండు మోపుల వరిగడ్డి కట్టి ఇచ్చింది. ఒకటి ఆమె, ఒకటి నేను మోసుకుని బండి దగ్గరకు వచ్చాం. ఆ చురుకు ఎండకు కట్ట పైపొర కాస్త ఆరింది. ముందుకు పోయే పని లేదు. తిప్పడానికి చోటు లేదు. ఒక కిలోమీటరు వెనక్కే రావాలి.

మాధవి నా వైపు చూసింది. నేను అడుగుతాననుకుంది. బస్సును నేను ఘాట్‌లో వెనక్కి నడిపిన కథలు చిన్నప్పుడు దానికి వంద సార్లు చెప్పి ఉంటాను.

"నువ్వే తోలు. నేను వెనక నడుస్తా" అన్నాను.

గాడుల్లో మట్టిని పుల్లతో గీకాం. చక్రాల కింద గడ్డి పరిచాం. మాధవి రివర్సులో వేసింది. నేను బండి వెనక, అద్దంలో కనిపించేలా, వట్టి కాళ్లతో వెనక్కి వెనక్కి నడుస్తూ చెయ్యి ఊపాను. "రానీ... రానీ... కుడికి... రానీ..." కాలవ దగ్గరైనప్పుడు, "హోల్డాన్!" అని అరిచాను. టక్కున ఆగింది. గడ్డి వేశాను. "రైట్, రైట్!" మళ్లీ కదిలింది. ముప్పై ఏళ్లు నా వెనక ఎవరో ఒక కండక్టరు ఇలా అరిచేవాడు. నేను అరవడం ఇదే మొదటిసారి. నాంచారమ్మ మిగిలిన గడ్డి నెత్తిన పెట్టుకుని నవ్వుతూ మా పక్కనే నడిచింది.

వెనక అద్దంలోంచి నేను దాని చేతులు చూస్తూ నడిచాను. స్టీరింగు మీద పెనుగులాట లేదు. చక్రం జారబోతే లాగేది కాదు, కాస్త వదిలి, మళ్లీ పట్టుకునేది. నేను ట్రైనింగులో కుర్రాళ్లకు నెలల తరబడి చెప్పినా రానిది అది. దానికి ఎవరు నేర్పారో తెలియదు. నేనైతే కాదు. నేను దానికి సైకిలు మాత్రమే నేర్పాను.

గంటన్నర పట్టింది. వెనక చక్రాలు తారు ఎక్కినప్పుడు నాంచారమ్మ చప్పట్లు కొట్టింది. దగ్గర్లో పంక్చర్ల కొట్టు ఉంది. టైర్లలో గాలి మళ్లీ పట్టించాం. కొట్టాయన డబ్బు తీసుకోలేదు. "డాక్టరుగారి దగ్గరాండీ?" అని, నా పాదాలు చూసి, తన రబ్బరు చెప్పులు విప్పి ఇచ్చాడు. ఎంత వద్దన్నా వినలేదు. రెండు సైజులు పెద్దవి.

ఇల్లు

మర్నాడు మాధవి నన్ను విజయవాడలో రైలెక్కించింది. దారి పొడుగునా గేదెల గురించి, దూడల గురించి, బురదలో ఏ కట్ట ఎంతవరకు పోనిస్తుందో దాని గురించి చెబుతూనే ఉంది. నేను వింటూ ఉన్నాను. రైలు కదిలేముందు కిటికీ దగ్గర నిలబడి, "నాయనా, నువ్వేదో చెప్పల్లనుకున్నావు కదా" అంది.

"రెండొందల కిలోమీటర్లు దాటేదాకా బిర్రుగా బ్రేకు తొక్కొద్దు" అన్నాను.

"అంతేనా?"

"అంతే."

అది నవ్వలేదు. నా వేళ్ల మీద చెయ్యి వేసి, రైలు కదిలేదాకా తీయలేదు.

ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కునే లోపే మా ఆవిడ ఎదురొచ్చింది.

"టైర్లు వేయించినావా?"

"వేయించినా. మంచివి."

"బదిలీ మాట ఎత్తినావా?"

"లేదు."

"ఏంటికెత్తలేదు? దానికే కదా పంపిచ్చినా!"

 ఆ కట్ట, ఆ దూడ తుమ్ము, నాంచారమ్మ ముఖం, ఏదీ నోటికి రాలేదు. తువ్వాలుతో మొహం తుడుచుకుని, "పాప రివర్సు భలే తోల్తాది" అన్నాను.

మా ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. తర్వాత మెల్లగా గడప మీద కూర్చుని, "ఎట్ల తోల్తాది? చెప్పు" అంది.

పక్కన కూర్చుని మొదటినుంచి చెప్పాను.